యంత్రం అడగని ప్రశ్న

పదవ తరగతి, తెలుగు మాధ్యమం, హోసూరు

ఈసారి మన బడి పత్రికకు 'నిజాయితీ' మీద వ్యాసం రాయమని తెలుగు అయ్యవారు చెప్పినారు. పోయిన ఏడాది నలుగురు హరిశ్చంద్రుడి గురించే రాసినారు కాబట్టి ఈసారి ఎవరైనా సొంత అనుభవం నుంచే రాయాలని షరతు పెట్టినారు. నా అనుభవంలో హరిశ్చంద్రుడు లేడు. ఒక పాత కారు ఉంది. ఆ కారు కోసం నేను ఒకే ఒక్క మాట అబద్ధం చెప్పినాను. అది తప్పే అని ఒప్పుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. ఎందుకంటే ఆ మాట వల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో చెప్పమంటే నేను చెప్పలేకపోయినాను. నష్టం చూపించలేని తప్పు తప్పేనా అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

మా మేనమామకు బాగలూరు రోడ్డులో కార్ల వర్క్‌షాపు ఉంది. ఆదివారాలు, సెలవులు నాకు అక్కడే గడుస్తాయి. మామ కొడుకు, అంటే మా బావ, బెంగళూరులో ఉద్యోగం చేస్తా ఉన్నాడు. జీతంలో సగం ఆయన 2006 నాటి మారుతి ఎస్టీమ్‌కే పోతుందని మా అత్త బాధ. ఆ కారు బయటికి చూస్తే మామూలు పాత కారే. లోపల మాత్రం బావ దాన్ని ఎథనాల్‌తో నడిచేటట్టు మార్చినాడు. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేసినాడు, పైపులు, రబ్బరు వాషర్లు మార్చినాడు, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌ను లాప్‌టాప్‌తో కొత్తగా సర్దినాడు.

ఇది ఎందుకు చేయాలో నేను నేర్చుకున్నది చెప్తాను, చదివేవాళ్లలో రసాయన శాస్త్రం ఇష్టమైనవాళ్లు ఉంటారు కదా. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఒక కిలో ఎథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే ఎథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. అందుకని అదే గాలికి ఎథనాల్ ఎక్కువ పోయాల్సి వస్తుంది. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో దానికి సుమారు మూడింట రెండు వంతులే. మరి ఈ కార్ల పిచ్చోళ్లకు అదంటే ఎందుకంత ఇష్టం? ఎథనాల్ ఆవిరయ్యేటప్పుడు ఇంజన్ లోపలి గాలిని బాగా చల్లబరుస్తుంది, ఇంజన్ తట్టదు, దానివల్ల ఎక్కువ శక్తి పిండుకోవచ్చు. మైలేజీ తగ్గితే బావకు బాధ లేదు. మా అత్తకు ఉంది.

ఇంతవరకు ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఒక డబ్బా దగ్గర మొదలయింది. పెట్రోల్ కార్లలో ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒకటి ఉంటుంది. వర్క్‌షాపులో అందరూ 'క్యాట్' అంటారు. లోపల తేనెపట్టు లాంటి రంధ్రాల పింగాణీ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పొగ ఆ రంధ్రాల్లోంచి పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడు, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు, ఈ మూడూ చాలావరకు హాని తక్కువ వాయువులుగా మారిపోతాయి. బావ దాన్ని ఒక రాత్రి విప్పేసి, దాని చోట ఖాళీ గొట్టం పెట్టించినాడు. పొగ అడ్డం లేకుండా పోతుందని, చప్పుడు బాగుంటుందని. "ఎథనాల్ శుభ్రమైన ఇంధనంరా. దీనికి క్యాట్ ఎందుకు? మంచినీళ్లను ఎవరన్నా వడకడతారా?" అన్నాడు. నాకు ఆ మాట శానా నచ్చింది. విప్పిన క్యాట్‌ను పాత దినపత్రికలో చుట్టి అలమర పైఅరలో పెట్టింది నేనే.

తర్వాత నెల పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం బావతో పాటు పరీక్ష కేంద్రానికి పోయినాను. మా ముందు ఒక మారుతి ఓమ్ని ఉంది. కెలమంగలం వైపు నుంచి పాలు తెచ్చే ఒక ఆయనది. పైపులో గొట్టం పెట్టినారు, కంప్యూటర్‌లో అంకెలు కదిలినాయి. కార్బన్ మోనాక్సైడు 2.8 శాతం వచ్చింది. ఆ కాలం బండ్లకు 0.5 దాటకూడదు. ఫెయిల్. పాలాయన ముఖం చూడాలి. "నేను నా బండిలో ఏమీ మార్చలేదు సామీ, కొన్నప్పుడు ఎట్ల ఉందో అట్లే ఉంది" అని మూడుసార్లు చెప్పినాడు. సర్టిఫికెట్ లేకుండా పట్టుబడితే చట్టంలో 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ఆయప్ప ఎన్ని లీటర్ల పాలు పోస్తే అంత డబ్బు వస్తుందో నేను మనసులో లెక్క వేసుకున్నాను.

తర్వాత మా ఎస్టీమ్. కార్బన్ మోనాక్సైడు 0.31. హైడ్రోకార్బన్లు 240, పరిమితి 750. పాస్.

గొట్టం తీస్తా ఆ పరీక్ష చేసే అన్న, సైలెన్సర్ చప్పుడు విని అనుమానం వచ్చిందో ఏమో, నా వైపు తిరిగి "క్యాట్ ఇరుక్కా తంబి?" అని అడిగినాడు. బావ ఫోను చూసుకుంటా ఉన్నాడు. నేను "ఇరుక్కు అన్నా" అన్నాను. అంతే. ఆయన ప్రింటు తీసి ఇచ్చినాడు. ఆయన తెలుగులో అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్నా అని తర్వాత ఆలోచించినాను. చెప్పేవాణ్ని కాదు. కానీ ఇంట్లో మాట్లాడని భాషలో చెప్పిన అబద్ధం ఇంటిదాకా రాదులే అని ఆ రోజు అనిపించిన మాట నిజం.

తిరిగి వచ్చేటప్పుడు నా తలలో ఒకటే లెక్క. ఏమీ మార్చని మనిషి బండి ఫెయిల్. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన బండి పాస్. పొగ ఎక్కువ వదిలేది పాలాయన. నియమం తప్పింది మేము. ఇద్దరిలో తప్పు ఎవరిది?

ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదని రెండు వారాల తర్వాత తెలిసింది. ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు నుంచి కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు క్రిష్ణగిరి రోడ్డు మీద పోతా ఉంటారు. హైవే పక్కన ఉండే మన ఊరివాళ్లకు ఆ చప్పుళ్లు అలవాటే. బావ స్నేహితులు ఎనిమిదిమంది శూలగిరి దగ్గర ఒక టీ కొట్టులో ఆగినారు. నన్ను కూడా తీసుకుపోయినాడు. అక్కడ దోశ వచ్చేలోపల మొదలైన వాదన దోశ చల్లారినాక కూడా ఆగలేదు.

బావ వాదం ఇది. మన హోసూరులో ఫ్యాక్టరీ ఉన్న టీవీఎస్ కంపెనీ 2019లోనే ఎథనాల్‌తో నడిచే అపాచీ బైకు విడుదల చేసింది. 2023 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి బెంగళూరులోనే 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్‌ను ప్రారంభించినారు. 2024 మార్చిలో దాదాపు పూర్తిగా ఎథనాలే ఉండే ఇంధనాన్ని తమిళనాడు, కర్ణాటకతో కలిపి అయిదు రాష్ట్రాల్లో 183 బంకుల్లో అమ్మడం మొదలుపెట్టినారు. "నన్ను అడగకుండా నా ట్యాంకులో 20 శాతం పోసే హక్కు వాళ్లకుంటే, మిగిలిన 80 నేను పోసుకుంటే తప్పేంది?" అన్నాడు బావ. అందరూ నవ్వినారు. నవ్వు వచ్చినా ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పాత బండ్లున్న ఎంతోమంది మైలేజీ తగ్గిందని, రబ్బరు భాగాలు పాడవుతాయని భయపడినారు. ఆ విషయం 2025లో సుప్రీంకోర్టు దాకా పోయింది, కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

ఒక ఆయన చట్టం సంగతి ఎత్తినాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారు చేసిన కంపెనీ చెప్పినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. సీఎన్‌జీకి మార్చుకోవాలంటే ఆమోదం ఉన్న కిట్టు పెట్టించి ఆర్‌సీలో ఎక్కించుకునే దారి ఉంది. లాప్‌టాప్‌తో ఇంట్లో కూర్చుని చేసినదాన్ని ఎక్కించుకునే దారి లేదు.

వెంటనే ఒక అక్క కోపంగా అందుకుంది. ఆమె పాత హోండా సిటీ నడుపుతుంది. "మన కార్లు చప్పుడు చేస్తాయి కాబట్టి మనల్నే పట్టుకుంటారు. అదో చూడు" అని హైవే వైపు చెయ్యి చూపించింది. సరిగ్గా అప్పుడే నల్లటి పొగ కక్కుతా ఒక లారీ పోయింది. ఆ లారీని ఎవరో పంపించినట్టే ఉంది.

వాళ్లలో ఒకాయన కాలిఫోర్నియాలో ఆరేళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చినాడంట. ఆయన చెప్పింది విన్నాక నా ప్రశ్న తలకిందులయింది. అక్కడ చాలా బండ్లకు రెండేళ్లకొకసారి స్మాగ్ పరీక్ష ఉంటుంది. 1975, అంతకు ముందు తయారైన పెట్రోల్ కార్లకు మాత్రం లేదు. పరీక్ష చేసేవాళ్లు బానెట్ ఎత్తి, కింద వంగి, ఏ భాగం ఉంది ఏది లేదు అని చూస్తారు. బయట కొన్న భాగం పెడితే దానికి ప్రభుత్వం ఇచ్చిన ఆమోదం నంబరు ఉండాలి. క్యాట్ లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా ఫెయిలే. 2000, ఆ తర్వాత వచ్చిన పెట్రోల్ కార్లలో చాలావాటికి పైపులో గొట్టం పెట్టేదే లేదు, కారు కంప్యూటర్‌ను అడిగి తెలుసుకుంటారు. అక్కడ కూడా ఎథనాల్ పోసుకుని శక్తి పెంచుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల మొర మా బావ మొరకు సరిగ్గా వ్యతిరేకం. "నా పొగ కొలిచి చూడండి, శుభ్రంగా ఉంది. కాగితం లేదని ఎందుకు ఫెయిల్ చేస్తారు?" అంటారంట.

అంటే ఇక్కడ పొగను అడుగుతారు, భాగాలను అడగరు. అక్కడ భాగాలను అడుగుతారు, చాలాసార్లు పొగను అడగరు. ఏది న్యాయం? మనిషిని ఆయన చేసిన పని వల్ల వచ్చిన ఫలితంతో కొలవాలా, ఒప్పుకున్న కట్టుబాటును నిలబెట్టుకున్నాడా లేదా అన్నదానితో కొలవాలా? ఇంట్లో కూడా ఇదే తగువు. పరీక్షలో మంచి మార్కులు వస్తే అమ్మ నేను చదివినానా లేదా అని అడగదు. నాన్న మార్కులు చూడడు, రాత్రి ఎన్ని గంటలదాకా లైటు వెలిగిందో చూస్తాడు. నాకు ఎప్పుడూ అమ్మ పద్ధతే న్యాయంగా కనిపించేది. అందుకే టీ కొట్టులో నేను బావ వైపే ఉన్నాను. చిన్నవాణ్ని కాబట్టి ఎవరూ నన్ను అడగలేదు, కానీ ఉన్నాను.

అప్పటిదాకా మాట్లాడకుండా టీ తాగుతా ఉన్న ఒక పెద్దాయన బావను ఒకే ప్రశ్న అడిగినాడు. "నీ 0.31 సరే నాయనా. నాక్స్ ఎంత?"

బావ దగ్గర జవాబు లేదు. నాక్స్ అంటే నైట్రోజన్ ఆక్సైడులు. పొల్యూషన్ కేంద్రంలో పెట్రోల్ బండిని నిలబెట్టి ఐడిల్‌లో చూసేది కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు. నాక్స్‌ను అక్కడ కొలవరు. ఇంజన్ వేడెక్కి, బరువు మోస్తా, వేగంగా పోయేటప్పుడే నాక్స్ ఎక్కువ పుడుతుంది. అది హైడ్రోకార్బన్లతో కలిసి ఎండలో ఓజోన్ అవుతుంది. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్ కింద మనం పీల్చే గాలిలో ఉంటే ఊపిరితిత్తులకు చేటు. ఇంకొకటి కూడా ఆ పెద్దాయన చెప్పినాడు. ఎథనాల్ సగం కాలితే ఎసిటాల్డిహైడు అవుతుంది. కళ్లు, గొంతు మండించే పదార్థం. తాగినవాళ్ల కాలేయంలో కూడా తయారయ్యేది అదే. దాన్ని కూడా మన కేంద్రంలో విడిగా చూడరు. వేడెక్కిన క్యాట్ ఉంటే ఈ రెండింటినీ చాలావరకు తగ్గిస్తుంది. కంపెనీ కొత్త మోడల్‌ను అమ్మేముందు ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపించి, కిలోమీటరుకు ఎన్ని గ్రాములు అని నాక్స్‌తో సహా అన్నీ కొలిపించుకోవాలి. "మన ఊరి ఎథనాల్ బైకు అట్ల పరీక్షలు దాటి వచ్చింది. నువ్వు దాని పేరు చెప్పుకుని, పరీక్ష దాటకుండా వచ్చినావు" అన్నాడు పెద్దాయన. కోపంగా అనలేదు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చినాడు.

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు కారులో నేను బావను అడిగినాను, నాక్స్ సంగతి నీకు ముందు తెలియదా అని. "తెలుసురా. కానీ వాళ్లు అడగరు కదా" అన్నాడు. అది విన్నప్పుడు నాకు పాలాయన గుర్తొచ్చినాడు.

నెల రోజులు నేను తిరిగి తిరిగి ఆలోచించింది ఈ ఒక్క మాట గురించే. యంత్రం అడగనిదానికి మనం జవాబు చెప్పాల్సిన పని ఉందా? పరీక్ష పత్రంలో అడగని ప్రశ్నకు ఎవరూ జవాబు రాయరు. రాయకపోతే మోసం కాదు. కానీ బావ సంగతి అట్ల లేదు. యంత్రం ఏది చూస్తుందో చూసుకుని, అది బాగా వచ్చేటట్టు ఐడిల్ సర్దుకున్నాడు. ఏది చూడదో తెలుసుకుని, దాన్ని వదిలేసినాడు. 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీ పట్టుబడింది కూడా ఇట్లాంటి పనికే. డీజిల్ కారు తాను పరీక్షలో ఉన్నానని కనిపెట్టి అప్పుడు మాత్రం శుభ్రంగా నడిచేటట్టు ప్రోగ్రాం రాసినారు. ప్రపంచంలో సుమారు కోటి పది లక్షల కార్లు. మా బావ ఒక్క కారు. లెక్కలో రెండింటికీ పోలిక లేదని నాకు తెలుసు. ఆ వార్త చదివినప్పుడు వాళ్లను శానా తిట్టినవాళ్లలో మా బావ కూడా ఉన్నాడు, అందుకే రాసినాను.

"నా ఒక్క కారుతో ఏమవుతుంది?" అన్నది బావ అసలు బలం. నేను మా సాంఘిక శాస్త్రం టీచరమ్మను అడిగినాను, కారు సంగతి చెప్పకుండా. ఆమె కాంట్ అనే జర్మన్ తత్వవేత్త గురించి చెప్పినారు. ఒక పని చేసేముందు, అందరూ ఇదే పని చేయాలని నువ్వు కోరుకోగలవా అని నిన్ను నువ్వు అడుక్కోమన్నాడంట ఆయన. నేను వెంటనే ఎదురు ప్రశ్న వేసినాను. "అందరూ మెకానిక్కులయితే వరి పండించేవాళ్లు ఉండరు కదా టీచర్, అట్లని మెకానిక్కు కావడం తప్పా?" టీచరమ్మ నవ్వి, బోర్డు తుడుస్తా చెప్పినారు: "మెకానిక్కు పని మిగిలినవాళ్లు మెకానిక్కులు కాకపోవడం మీద దొంగతనంగా బతకదు. టికెట్ లేకుండా బస్సెక్కేవాడి ప్రయాణం మాత్రం మిగిలినవాళ్లు టికెట్ కొనడం మీదే బతుకుతుంది. నీ ప్రశ్న ఏ రకమో చూసుకో."

ఇది నా తలలో బాగా నాటుకుపోయింది. బావ కారు పొగ కనిపించకపోవడానికి కారణం ఆ పొగ తక్కువ కావడం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న మిగిలిన కార్లలో క్యాట్ ఉండటం కూడా. మా చేతిలోని సర్టిఫికెట్‌కు విలువ ఉన్నదంటే, అదే కాగితం పట్టుకున్న మిగిలినవాళ్లు నిజం చెప్పి ఉంటారని పోలీసు నమ్మడం వల్ల. ఇంక 'ఒక్కడే' అన్నది కూడా నిలబడని మాట. 2020లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక లెక్క చెప్పింది. పదేళ్లలో అక్కడ అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో పొగ శుభ్రం చేసే పరికరాలు తీసేసినారని. అవి ఎథనాల్ బండ్లు కావు. కానీ వాటి యజమానుల్లో ఒక్కొక్కడూ నాదొక్కటే కదా అని అనుకునే ఉంటాడు.

లారీ చూపించిన అక్క మాటకు మాత్రం నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. బలహీనుణ్ని, చప్పుడు చేసేవాణ్ని పట్టుకుని, పెద్ద పొగను వదిలేసే నియమం గౌరవం పోగొట్టుకుంటుంది. కాగితం ఉంటే చాలు అనే నియమం కూడా అంతే. సొంతంగా ఏదో కొత్తది చేసి చూడాలనే బావ లాంటివాళ్లకు పోయి కొలిపించుకోవడానికి ఒక చోటు, కట్టగలిగిన ఫీజు ఉంటే బాగుండేది. అట్లాంటి చోటు ఉంటే పోయేవాడివా అని బావను అడిగినాను. "ఫస్టు రోజే పోతా" అన్నాడు. నేను నమ్ముతాను, ఆయనకు అంకెలంటే అంత ఇష్టం. కానీ లారీ తప్పు క్యాట్‌ను మా అలమరలో పెట్టుకోవడానికి కారణం ఎట్ల అవుతుంది? లారీ పొగకు మా పొగ కలుస్తుంది, దాన్ని కొట్టేయదు కదా. రెండింటినీ పీల్చేది హైవే పక్కన టీ కాచే ఆమె. ఆ వాదన ఆమె రెండడుగుల దూరంలోనే జరిగింది. ఆమె అభిప్రాయం మేము ఎవరమూ అడగలేదు, నేనూ అడగలేదు.

పాలాయన సంగతి చెప్పకుండా వదిలేస్తే బాగుండదు. ఆ రోజు ఓమ్నిని మా వర్క్‌షాపుకే రమ్మని నేను చెప్పినాను. ఆక్సిజన్ సెన్సార్ చచ్చిపోయి ఇంజన్ పెట్రోల్ ఎక్కువ తాగుతా ఉంది. ఎయిర్ ఫిల్టర్ మట్టి ముద్ద. మామ సెన్సార్, ఫిల్టర్, ప్లగ్గులు మార్చి, సామాన్ల డబ్బు మాత్రం తీసుకుని, కూలి రెండు నెలల్లో ఇవ్వమన్నాడు. మరుసటి రోజు ఓమ్ని పాసయింది. పాలాయన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం పక్కన పెట్టినట్టు డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. నాకు చూపించి "ఇప్పుడు మనది కూడా మీ బావ కారు మాదిరే క్లీన్ సామీ" అన్నాడు. నేను అవునన్నాను. అది నా రెండో అబద్ధమేమో. లెక్కపెట్టలేదు.

ఆ రాత్రి మామతో చెప్పేసినాను, పొల్యూషన్ కేంద్రంలో ఏమన్నానో. మామ చాలాసేపు చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటా ఉండిపోయినాడు. "నా షాపులో తీసినారని నాకూ తెలుసు. నేను చూడనట్టు ఉండిపోయినాను. నిన్నేమని తిట్టేది" అన్నాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. బావతో కూడా చెప్పినాను, మళ్లా పరీక్షకు నేను రాను, వస్తే అడిగినదానికి ఉన్నది చెప్తాను అని. "నువ్వేమన్నా సర్కారు మనిషివా?" అన్నాడు. రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. ఆదివారం డ్రైవుకు పిలవలేదు. ఆ చప్పుడు మా వీధి దాటి పోవడం పడుకునే విన్నాను. నాకు ఆ కారంటే ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

ఈ వ్యాసం రాస్తా ఉన్నానని చెప్పి అనుమతి అడిగితే బావ కాసేపు ఆలోచించి, "రాసుకో, నంబరు ప్లేటు మాత్రం రాయొద్దు" అన్నాడు. ఆ ఆరు నెలల సర్టిఫికెట్‌లో ఇంకా మూడు నెలలు మిగిలి ఉన్నాయి. పోయిన వారం నేను వర్క్‌షాపుకు పోయేసరికి అలమర పైఅర ఖాళీగా ఉంది. బావ క్యాట్‌ను కిందికి దించి, దినపత్రిక విప్పి, ఫ్లేంజి కొలతలు ఒక కాగితం మీద రాసుకుంటా ఉన్నాడు. దాన్ని అమ్మడానికా బిగించడానికా అని అడగాలనిపించింది. పాత క్యాట్‌లకు గుజిరీలో మంచి ధరే వస్తుంది మరి. అడగలేదు. ఆ సైజు గ్యాస్కెట్ బెంగళూరు జేసీ రోడ్డులో దొరుకుతుందేమో అని మాత్రం అన్నాను. బావ తల ఎత్తకుండానే, "13 మిల్లీమీటర్ స్పానర్ ఇటివ్వు" అన్నాడు.